సంపు మీది నీలం గీత

కిందటి వారం రేలీన్‌ని వంటింట్లో, చెవి దగ్గర పెట్టుకున్న ఫోనుతో అలాగే నిలబెట్టి వచ్చేశాం. అవతల ఆర్విల్ లిండ్‌క్విస్ట్ ఒకే మాట చెప్పి పెట్టేశాడు: "శనివారం పదింటికి వస్తున్నాను. నిన్ను చూడ్డానికి కాదమ్మాయ్, నీ ఫిల్టరుని చూడ్డానికి." ఈరీ ఊళ్లో చేపలు పెంచేవాళ్ల సంఘానికి ముప్పై ఏళ్లపాటు పెద్దగా ఉన్న మనిషి ఆయన. ఎనభై దాటాయి. ఇల్లు అమ్మేసి అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడు. బేస్‌మెంటులోని తొట్లన్నీ ఒక్కొక్కటే పంచేశాడు. ఇక మిగిలినవి రాగిచెంపలనే చేపలు. అవి పుట్టిన ఆఫ్రికా సరస్సులో ఇప్పుడు ఆ జాతి లేదు. ఎవరో తెచ్చి వదిలిన పెద్ద చేప తినేసింది. సంఘంలో అందరూ నమ్మేది ఏమిటంటే, లోకంలో మిగిలినవి ఆర్విల్ ఇంట్లో ఉన్న ఆ ఇరవై రెండే. వాటిని ఆయన అమ్మడు, అడిగినవాళ్లందరికీ ఇవ్వడు. రేలీన్ అడిగితే, ముందు ఫిల్టరు పెట్టుకో, తరవాత చేపల మాట ఎత్తు అన్నాడు. అది ఆరు వారాల కిందటి సంగతి.

శనివారం ఆరింటికే రేలీన్ లేచి కూచుంది. కూచుంది అనడం తప్పే. ఆ మనిషి ఈ ఆరు వారాల్లో ఎక్కడా కుదురుగా కూచోలేదు. కాలు కాలిన పిల్లిలా ముందు గదిలోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి ముందు గదిలోకీ తిరగడమే సరిపోయింది. నలభై ఆరేళ్ల ఆడది, స్కూలు బస్సు నడుపుతుంది. యాభైమంది పిల్లల గోల వీపు వెనక పెట్టుకుని, సరస్సు మీంచి వచ్చి పడే మంచులో ఒక్కనాడూ తడబడకుండా బస్సు తోలే మనిషి. ఎనిమిదడుగుల గాజుతొట్టి ముందుకొచ్చి నిలబడితే మాత్రం అరచేతులు చెమర్చేవి.

తొట్టి కొనడం పెద్ద పనేం కాదు. ఇల్లలకగానే పండగ కాదని ఆమెకి తెలిసివచ్చింది ఫిల్టరు దగ్గర. ఇంత పెద్ద తొట్టికి ఉన్నవి రెండే దారులు. ఒకటి డబ్బా ఫిల్టరు. మూత బిగించిన డబ్బా, తొట్టి కింద అరలో కూచుంటుంది. నీళ్లు ఒక గొట్టంలో లోపలికి వెళ్లి, ఇంకో గొట్టంలో బయటికి వస్తాయి. చప్పుడు లేదు, కారడం లేదు. అలాంటివి రెండు పెట్టుకుంటే గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చన్నాడు దుకాణంవాడు. రెండోది సంపు. తొట్టి కింద ఇంకో తొట్టి అన్నమాట. పై నీళ్లు ఓ మూల అంచు మీంచి పొర్లి, గొట్టంలోంచి కిందికి దిగి, స్పాంజీల్లోంచీ పింగాణీ ముక్కల్లోంచీ సాగి చివర ఉన్న మోటారు దగ్గరికి చేరితే, అది వాటిని మళ్లీ పైకి తోస్తుంది. దీనికి మూత ఉండదు. నీళ్లకి గాలి తగులుతుంది. మడ్డి ఎక్కడ పేరుకుందో కంటికి కనబడుతుంది, చెయ్యి పెట్టి తీసెయ్యొచ్చు. కాకపోతే పగలూ రాత్రీ గుడగుడలాడుతుంది. పైగా కరెంటు పోతే పైనున్న నీళ్లు కొన్ని కిందికి దిగుతాయి. వాటికని సంపులో ఖాళీ ఉంచాలి. ఉంచకపోతే ఇల్లు చెరువవుతుంది.

రేలీన్ ఏడుగురిని అడిగింది, తొమ్మిది సలహాలు వచ్చాయి. మొగుడు లియాన్ మాత్రం మొదటి రోజునుంచీ డబ్బా పక్షమే. "గదిలో ఒక చెరువు పెడుతున్నావు, సరే. నేల మీద రెండోది ఎందుకు?" అన్నాడు. అతనిది రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి పని. పొద్దున ఏడింటికి ఇల్లు చేరి మధ్యాహ్నం రెండింటిదాకా పడుకుంటాడు. పడక గదికీ తొట్టికీ మధ్య ఒక్క గోడ. ఆమె విని, తల ఊపి, డబ్బా ఫిల్టర్లు రెండూ కొనేసింది. మర్నాడు మనసు మార్చుకుంది. మూడోనాడు మళ్లీ మార్చుకుంది. ఆ పెట్టె ఇప్పటికీ నడవాలో విప్పకుండానే ఉంది, లియాన్ దాని మీద బూట్లు పెట్టుకుంటున్నాడు.

చివరికి సంపు వైపు మొగ్గింది ఎవరి సలహా వినీ కాదు. రెండేళ్ల కిందట ఆమెకి చిన్న తొట్టి ఒకటి ఉండేది, దానికి డబ్బా ఫిల్టరే. ఇద్దరూ ఊరెళ్లినప్పుడు గాలివానకి ఒక రోజంతా కరెంటు పోయింది. కదలని నీళ్లు బిగించిన డబ్బాలో కుళ్లిపోయాయి. కరెంటు రాగానే మోటారు ఆ కుళ్లునంతా శ్రద్ధగా తొట్టిలోకి తోసింది. వాళ్లు తిరిగొచ్చేసరికి ఒక్క చేప మిగల్లేదు. చేపల్ని చంపింది కరెంటు పోవడం కాదు, రావడం. లోపలేం జరుగుతోందో తనకి కనబడని వస్తువు ఇంకోసారి ఇంట్లో పెట్టుకోలేననుకుంది. సంపే పెట్టింది.

పెట్టిన మొదటి రోజే మోటారు ప్లగ్గు పీకి చూసింది. పై నీళ్లు దిగాయి, సంపులో మట్టం లేచింది, అంచుకి రెండు వేళ్ల కింద ఆగింది. మళ్లీ ప్లగ్గు పెట్టి, మోటారు తిరుగుతుండగా నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసుకుని సంపు గాజు మీద సరిగ్గా అక్కడ నీలం టేపు అంటించింది. ఈ గీత దాటి నీళ్లు పొయ్యకూడదు, అదీ కట్టుబాటు. ఆ వారంలో ఇరవైసార్లు ప్లగ్గు పీకి చూసి ఉంటుంది. చలికాలం, ఇంట్లో హీటరు, నీళ్లు రోజూ ఆవిరవుతూ ఉంటాయి. గీత దాకా తెచ్చి పోసే పని లియాన్‌కి అప్పజెప్పింది, అతను నిద్ర లేచేవేళకి ఆమె బస్సు మీద ఉంటుంది కనక.

మూడు వారాల కిందట సంపు గుడగుడ ఆగిపోయింది. ఫిల్టరు కుదురుకుందని సంఘంలో నలుగురికీ చెప్పుకుని మురిసింది రేలీన్.

ఆ పొద్దున చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంది. పసుపు. విషం ఏమాత్రం లేదన్నమాట. చేపలు లేని తొట్టిలో రోజూ కాస్త అమ్మోనియా పోసి, దాన్ని తినే మంచి క్రిముల్ని ఫిల్టరులో పెంచుతోంది సంపు పెట్టిననాటినుంచీ. రాత్రి పోసింది పొద్దుటికి మాయమైందంటే నీళ్లు పండినట్టే. నాలుగుసార్లు చూసింది, నాలుగుసార్లూ పసుపే. అయినా నమ్మకం కుదరలేదు. వంగి అరలో చెయ్యి పెట్టి, మరొక్కసారి ప్లగ్గు పీకి చూద్దామనుకుంది.

అప్పుడే లియాన్ కాఫీ కప్పుతో వచ్చాడు. శనివారం అతనికి సెలవు. ఇప్పుడెందుకు పీకడం, మడ్డి రేగి నీళ్లు మసకబారితే పెద్దాయన ముందు బాగుంటుందా అన్నాడు. మాటలో తప్పేం లేదు. రేలీన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను మాత్రం కాఫీ తాగకుండా కప్పుని చేతుల్లోనే తిప్పుతూ కూచున్నాడు.

సరిగ్గా పదింటికి ఆర్విల్ కారు వాకిట్లో ఆగింది. ఇంజను ఆపకుండానే దిగి, కర్ర పొడుచుకుంటూ మంచులో నడిచొచ్చాడు. రేలీన్ కళ్లు ఆయన వెనక్కి వెళ్లాయి. బకెట్లు లేవు, చేతుల్లో ఏమీ లేదు. అంటే ఇవ్వదలుచుకోలేదా, ముందు చూసి తరవాత తెస్తాడా? అడగడానికి నోరు రాలేదు. పళ్లెంలో స్పాంజ్ క్యాండీ అనే చాక్లెట్టు పూసిన గుల్ల మిఠాయి పెట్టి ఉంచింది, ఆయనకి ఇష్టమని ఎవరో చెప్పారు. లియాన్ వాతావరణం తేలిక చేద్దామని, ఈ ఇంట్లో తినేదీ స్పాంజే, పిండేదీ స్పాంజే అన్నాడు. ఆర్విల్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు గాని నవ్వలేదు.

ఎనిమిదడుగుల తొట్టివైపు ఆయన కన్నెత్తి చూడలేదు. అరచేత్తో మోకాలు పట్టుకుని మెల్లగా నేల మీద కూచుని, కింది అర తలుపు తీశాడు. సంపులో వేలు ముంచి వాసన చూశాడు. వానకి తడిసిన మట్టి వాసన రావాలి. వచ్చినట్టే ఉంది, తలాడించాడు. స్పాంజి ఒకటి పైకి తీసి నొక్కి, దీన్ని ఎక్కడ కడుగుతావని అడిగాడు. కుళాయి కింద పెడితే నీళ్లలోని క్లోరిన్‌కి క్రిములన్నీ చస్తాయి గనక, తొట్టి నీళ్లే బకెట్లో పట్టి అందులో పిండుతానని చెప్పింది రేలీన్. దానికీ తలాడించాడు. ఆమె గుండె కాస్త కుదుటపడుతోంది.

"చప్పుడు లేదేం?" అన్నాడు ఆర్విల్.

"మొదట్లో ఉండేది. కుదురుకుంది."

"సంపన్నాక గొణుగుతుంది. ముసలాళ్లు గొణిగినట్టు. నీదేంటి, నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంది?"

రేలీన్ నవ్వింది. మెచ్చుకున్నాడనుకుంది. లియాన్ లేచి, కాఫీ చల్లారిందంటూ వంటింట్లోకి వెళ్లాడు. ఆర్విల్ అతను వెళ్లినవైపు కాసేపు చూసి, కర్ర కొనతో అర లోపలున్న ప్లగ్గుల పట్టీని బయటికి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. అలా ఎందుకు లాక్కున్నాడో ఆమెకి అప్పుడు తట్టలేదు. ఒక్కొక్క వైరూ చూసుకుని, మోటారుది పీకేశాడు.

గదిలో ఉన్న కాస్త హోరూ ఆగిపోయింది. పై మూల అంచు మీంచి నీళ్లు ఎప్పటిలాగే జారుతున్నాయి. సంపులో మట్టం లేచింది. రేలీన్ చేతులు కట్టుకుని నిలబడింది. ఇరవైసార్లు చూసిన విషయమే, అంచుకి రెండు వేళ్ల కింద ఆగుతుంది. ఆ రెండు వేళ్లూ దాటింది. ఇక్కడ ఆగుతుందనుకుంది. అంచు దగ్గర నీళ్లు ఉబ్బి ఒక్క క్షణం నిలిచాయి, తరవాత నాలుగు పక్కలా ఒకేసారి పొర్లాయి. అర లోంచి కార్పెట్టు మీదికి, కార్పెట్టు మీంచి ఆర్విల్ ప్యాంటు కిందికి. ఆయన కదల్లేదు. పట్టీని మాత్రం రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

లియాన్ తువ్వాళ్లతో పరిగెత్తుకొచ్చాడు. చిత్రమేమిటంటే, వంటింట్లో తువ్వాళ్లుండవు. అవి స్నానాల గదిలో ఉంటాయి. నీళ్లు రాకముందే వెళ్లి తెచ్చి పెట్టుకున్నాడన్నమాట. రేలీన్‌కి ఆ సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా ఆమె మోకాళ్ల మీద కూచుని సంపు గాజుని అరచేత్తో తుడుస్తోంది. నీలం టేపు ఉంది. దానికి నాలుగు వేళ్ల కింద, గాజు మీద వేలికి జిగటగా ఏదో తగిలింది. ఒక జానెడు పొడవున బంక గీత. టేపు పీకేసిన చోట మిగిలే బంక.

"లియాన్," అంది తల తిప్పకుండా. "టేపు జరిపింది ఎవరు?"

అతను తువ్వాలు పిండాడు, మళ్లీ పరిచాడు.

"నేనే."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది. రెండు బకెట్లు ఎక్కువ పోస్తే గొట్టం మూతి నీళ్లలో మునుగుతుంది, గుడగుడ ఆగుతుంది. ఆగింది కూడా."

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే ఏమంటావో తెలుసు గనక అడగలేదు."

రేలీన్ లేచి నిలబడింది. నీళ్లు పోసినందుకు కాదు తన కోపం అంది. గీత పీకి పారేసినా సరే, లేదే అని కనుక్కునేదాన్ని. నువ్వు దాన్ని తీసి పైన అంటించావు, రోజూ రెండుపూటలా దాన్ని చూసి అంతా సరిగ్గానే ఉందనుకున్నాను, నా కళ్లతోనే నన్ను మోసం చేశావు అంది. ఇంకెవరి ముందయినా అయితే ఆగేదేమో, ఆరు వారాలుగా ఎవరి మెప్పు కోసం ఒళ్లు హూనం చేసుకుందో ఆ మనిషి ముందే పరువు పోయాక ఆగడానికి ఏం మిగలలేదు.

లియాన్ కూడా ఆగలేదు. మామూలుగా మాట పెంచే మనిషి కాదు. తువ్వాలు కింద పడేసి కుడి చెయ్యి ముందుకి చాచాడు. మణికట్టు పైన ఇంకా ఎర్రగా ఉన్న మచ్చ.

"ఇదెలా అయిందో చెప్పనా? ఎనిమిది రోజులు కన్ను మూతపడలేదు నాకు. చెవుల్లో దూది పెట్టుకున్నా, సోఫా మీద పడుకున్నా, బాత్‌రూంలో కూడా పడుకున్నా. తొమ్మిదోనాడు ఫ్యాక్టరీ పొయ్యి దగ్గర నిలబడే కునుకు పట్టింది, చెయ్యి తగిలింది. కట్టు కట్టుకుని ఇంటికొస్తే నువ్వేమన్నావో గుర్తుందా?"

రేలీన్ ఆ మచ్చ వైపు చూసింది.

"'ఆ చెయ్యి సంపులో పెట్టకు, మందు నీళ్లలో కలుస్తుంది' అన్నావు. అదొక్కటే అన్నావు. ఆ సాయంత్రమే టేపు జరిపాను."

అన్న మాట గుర్తుంది ఆమెకి. చేతిలో గాజు గొట్టం పట్టుకుని, రంగు మారుతుందా లేదా అని చూస్తూ అంది. తలెత్తి అతని మొహం చూసిందో లేదో మాత్రం గుర్తు లేదు. సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వచ్చినా కోపం తగ్గకపోవడం ఇంకా బాధగా ఉంది. అందులో తన తప్పెంతో అతని తప్పెంతో తేల్చుకునే ఓపిక లేక అక్కడే, తడి కార్పెట్టు మీద, నిలబడిపోయింది.

ఆర్విల్ కర్ర ఆనించి లేచాడు. తడిసిన ప్యాంటుతోనే నెమ్మదిగా వెళ్లి నడవాలో ఉన్న డబ్బా ఫిల్టర్ల పెట్టె మీద, బూట్లు పక్కకి తోసి, కూచున్నాడు.

"అయిందా మీ పోట్లాట?" అన్నాడు. "సంపుకిప్పుడు ఏ లోటూ లేదు. ఎక్కువైన నీళ్లు నేల మీదికి పోయాయి, మిగిలింది సరిగ్గా సరిపోతుంది. ఫిల్టరు తప్పు ఫిల్టరే దిద్దుకుంది. అమ్మాయ్, నీ ఫిల్టరు మంచిది. దాని మీద నాకు మొదటినుంచీ అనుమానం లేదు. చప్పుడు లేని సంపంటేనే నాకు భయం."

"క్షమించండి పెద్దాయనా," అంది రేలీన్. "చేపలు ఇవ్వరని నాకు తెలుసు. నేనే ఇవ్వను, మీ స్థానంలో ఉంటే."

"ముందు నాది విను."

ఆయన చెప్పింది గట్టిగా నాలుగు నిమిషాలు కూడా లేదు. కిందటి చలికాలం ఆయన భార్య సిగ్నె మంచం పట్టింది. మెట్లెక్కలేక ముందు గదిలో సోఫా మీదే పడుకునేది, సరిగ్గా దాని కిందే బేస్‌మెంటులో రాగిచెంపల తొట్టి. నేల చెక్కల్లోంచి గుడగుడ వినబడి నిద్ర పట్టేది కాదు ఆమెకి. ఒక్కసారి కూడా ఆపమని అడగలేదు. అడగలేదనే ఆయన కిందికి వెళ్లి తన చేత్తో టేపు పైకి జరిపాడు. నలభై ఏళ్లుగా తన దగ్గరికి వచ్చిన ప్రతి కుర్రాడికీ ఖాళీ ఉంచు ఖాళీ ఉంచు అని చెప్పిన మనిషి. పదిరోజులకి మంచు తుపాను వచ్చి కరెంటు పోయింది. సంపు పొర్లింది, నేల మీదున్న ప్లగ్గుల పట్టీ తడిసి కాలిపోయింది. గంటలో కరెంటు తిరిగొచ్చింది గాని మోటారు తిరగలేదు. అప్పుడు రెండు రోజులు ఆయన ఆసుపత్రిలో సిగ్నె పక్కన ఉన్నాడు.

"అదే వారం ఆవిడ పోయింది," అన్నాడు. "చేపలెలా ఉన్నాయని ఎవరడుగుతారు అప్పుడు? ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. తరవాత అడిగినవాళ్లకి ఇరవై రెండనే చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధం చెప్పడం అంత కష్టమేం కాదమ్మాయ్, పాత లెక్కే మళ్లీ చెప్పాలి, అంతే."

రేలీన్ గోడకి ఆనుకుంది. "ఎన్ని ఉన్నాయి?"

"మూడు."

లియాన్ తువ్వాలు పిండుతున్నవాడు ఆగాడు. అతనికి చేపలంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. కాని ఒక సరస్సులో ఉండాల్సినవి మూడే ఉన్నాయంటే ఎంత తక్కువో అతనికీ అర్థమైంది.

రెండు మగవి, ఒకటి ఆడది అన్నాడు ఆర్విల్. మూడూ బయట కారులో ఉన్నాయి. ఇంట్లో ఇక చుక్క నీళ్లు లేవు, ఇల్లు కొన్నవాళ్లు సోమవారం దిగుతున్నారు. వచ్చేటప్పుడు ఫిల్టరు బాగా లేకపోతే ఇవ్వనని చెప్పి వెళ్లిపోదామనే అనుకున్నాడు. తలుపు తట్టేముందు, ఇవ్వకపోతే ఎక్కడికి తీసుకెళ్లాలో తనకి తెలీదని గుర్తొచ్చింది.

"ఆడది పద్దెనిమిది రోజులుగా మెతుకు ముట్టలేదు," అన్నాడు. "గొంతు ఇంత ఉబ్బి ఉంది."

రేలీన్‌కి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ జాతిలో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుంటుంది. పిల్లలై ఈదే దాకా నోరు విప్పదు, తిండి తినదు. బెదిరితే మాత్రం మింగేస్తుంది, లేదా అక్కడికక్కడే ఉమ్మేస్తుంది. ఏడు మైళ్ల దూరం, గుంటల రోడ్డు, చలి. ఇంతకంటే బెదరడానికి ఇంకేం కావాలి?

"ఆరు వారాలు నీకు పరీక్ష పెట్టాను," అన్నాడు ఆర్విల్. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ ఇంట్లో వదలమంటావా, వద్దంటావా?"

ఔనని నాలిక చివరిదాకా వచ్చింది. పొద్దుటినుంచీ, కాదు, ఆరు వారాలనుంచీ ఆ ఒక్క ప్రశ్న కోసమే కాలు నిలవలేదు ఆమెకి. ఇప్పుడు వచ్చిన ప్రశ్నకి తను ఒక్కతే జవాబు చెప్పకూడదని మాత్రం ఈ తడి నేల మీద నిలబడ్డాక తెలిసింది. లియాన్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. సంపులో నీళ్లు మళ్లీ పాత గీతకే ఉంటాయి. మళ్లీ గుడగుడలాడుతుంది. రోజూ, నువ్వు పడుకునే వేళకి. అవి బతికున్నంత కాలం."

ఔనంటే లియాన్ పగటి నిద్ర గల్లంతు, వద్దంటే ఆ మూడూ ఏమవుతాయో తెలీదు. అతను చేతి మచ్చని బొటనవేలితో రుద్దుకుంటూ కార్పెట్టుని చూశాడు, తొట్టిని చూశాడు, చివరికి ఆమె మొహం చూశాడు. ఆమె కూడా చూస్తోంది, ఈసారి తలెత్తి.

"ముందు వెళ్లి దాన్ని చూద్దాం పద," అన్నాడు. "నేనింతవరకు దాని మొహమే చూడలేదు."

కోట్లు వేసుకోలేదు ఇద్దరూ. ఇంటి చెప్పులతోనే మంచులోకి దిగారు, వెనక ఆర్విల్ కర్ర చప్పుడు. కారు తలుపు తీయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. వెనక సీటు కింద మూత వేసిన బకెట్టు, అందులో మగవి. ముందు సీట్లో, పసిపిల్లకి పెట్టినట్టు బెల్టు పెట్టి బిగించిన తెల్లటి ఐసు పెట్టె. లియాన్ వంగి బెల్టు విప్పాడు. రేలీన్ మూత మెల్లగా, సగం ఎత్తింది.

వేలెడంత చేప. చెంప మీద నిజంగానే రాగి మెరుపు. రేలీన్ వంగి దాని గొంతు కింద చూసింది.

చదునుగా ఉంది.

"మింగేసిందా?" అన్నాడు లియాన్, గుసగుసగా.

రేలీన్ మూత ఇంకాస్త ఎత్తింది. తెల్లటి అడుగున మూలగా ఏదో కదిలింది. గోరులో సగం కూడా లేదు. రెండు కళ్లు, వాటి వెనక పోగులాంటి ఒళ్లు. ఇంకో మూల వెతికింది, తల్లి కింద వెతికింది, పైన వెతికింది. ఇంకేం లేవు. ఒక్కటే.

తల్లి కూడా దాన్ని చూసింది. నెమ్మదిగా ఆ మూలకి తిరిగింది, నోరు తెరిచింది.

రేలీన్ చెయ్యి నీళ్లలోకి పోబోయింది. వెనకనుంచి ఆర్విల్ ఆ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఏం చేస్తుందది?" అంది ఆమె. "నోట్లో దాచుకుంటుందా, తినేస్తుందా?"

"దేనికైనా నోరు ఇలాగే తెరుస్తుంది," అన్నాడాయన. "నలభై ఏళ్లుగా చూస్తున్నాను. నాకూ తెలీదు."

మూలనున్న పిల్ల కదల్లేదు. తల్లి ఇంకో అంగుళం ముందుకి జరిగింది.